పెట్రోల్ ట్యాపు

ఆగదే. ఆగకూడని చోట ఆగి కొంప ముంచిన బండి, ఇవాళ ఆగి చూపించవే తల్లీ అని ఎదురుగా కూర్చుంటే మాత్రం ఆగదు. షెడ్డు వెనక రేకుల నీడలో, స్టాండు మీద నిలబడి, నోట్లో వేలు పెట్టినా కొరకలేనిదానిలా గుడగుడమని ఒకే తీరున మోగుతోంది. ఖాళీ ఆయిల్ డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చున్న ప్లంబరు మోచేతులు మోకాళ్ల మీద ఆనించి ఆ చప్పుడే వింటున్నాడు. మోగు, ఎంతసేపు మోగుతావో నేనూ చూస్తాను, నాకు మాత్రం ఇంకేం పనుంది గనక. పొద్దున మెకానిక్ మొహం చూస్తే జాలేసింది పాపం. ప్లగ్గు మార్చాడు, కార్బొరేటర్ విప్పి కడిగాడు, వైర్లన్నీ వేళ్లతో తడిమి చూశాడు, తనే ఎక్కి ఊరంతా తిప్పుకొచ్చాడు. తిప్పుకొచ్చిన ప్రతిసారీ బంగారంలాంటి బండి, దీనికేం రోగం లేదన్నాడు. ఇవాళ ఆ మాట కూడా అనలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "ఆ రోజు ఎలా ఉందో అలాగే పెట్టుకుని, ఆగేదాకా దాని ముందు కూర్చో అన్నా. ఆగితే నన్ను పిలువు. ఆగకపోతే ఇంక నన్నొదిలెయ్" అని అవతల బళ్ల మధ్యకు వెళ్లిపోయాడు.

ఆ రోజు ఎలా ఉందో అలాగే. చెప్పడానికేం, తేలికే. ఆ రోజు ట్యాంకులో పెట్రోలు దండిగా ఉంది, ఇవాళా పోయించాడు. రెంచీలూ పైపు ముక్కలూ ఉన్న సంచి పక్క కొక్కేనికి వేలాడుతోంది, ఇవాళా తగిలించాడు. ట్యాంకుకు కవరు తొడిగి ఉంది, తొడిగాడు. షెడ్డుకు తెచ్చినప్పుడల్లా గేటు దగ్గరే దాన్ని విప్పి, మడిచి, చొక్కాలో దోపుకునేవాడు, జిడ్డు చేతులు పడతాయని. భార్య కుట్టిన వాటిలో అదే చివరిది మరి. ఇవాళ మొదటిసారి దాంతోటే లోపలికి తెచ్చాడు. ఇక మిగిలింది వెనక సీటు. ఆ రోజు వెనక సీటు మీద ఆవిడ ఉంది, అతని వీపుకు నుదురు ఆనించి, ఉబ్బసంతో గొంతులో పిల్లిపిల్లలు అరుస్తున్నట్టు ఊపిరి తీసుకుంటూ. అది ఎలా పెడతాడు, ఎక్కణ్నుంచి తెచ్చి పెడతాడు.

తేలవలసింది ఒక్కటే. ట్యాపు తిప్పాడా, తిప్పలేదా. ట్యాంకు కింద, ఎడమ మోకాలి దగ్గర, చిటికెన వేలంత ఉంటుంది పెట్రోల్ ట్యాపు. బండి నిలిపినప్పుడు కట్టెయ్యండి, తీసేటప్పుడు విప్పండి అని కొన్నచోట చెప్పారు. అందరూ విని వదిలేస్తారు గానీ ఇతను వదల్లేదు, ట్యాపు కనిపిస్తే కట్టకుండా ఉండలేని చెయ్యి కదా అతనిది. కట్టిన ట్యాపు విప్పకుండా తీస్తే బండి కదలదని కాదు, కదుల్తుంది. కింద మిగిలిన నాలుగు చుక్కలతో కొంత దూరం పోతుంది, పోయి ఆగుతుంది. అదీ దానితో వచ్చిన తంటా. ఆ మధ్యాహ్నం దూరం పని నుంచి అన్నానికని ఇంటికొచ్చి ట్యాపు కట్టాడు, అంతవరకు గుర్తుంది. తర్వాత ఆవిడ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడడం గుర్తుంది. పీల్చే మందు డబ్బా నొక్కితే ఉత్త గాలి రావడం, ఆవిడ కాళ్లకు చెప్పులు కుడిఎడమలు తిరగేసి తొడగడం, ఆవిడ తిరగేశావని చేత్తో సైగ చెయ్యడం, పోనీలెమ్మని అలాగే ఎక్కించడం, అన్నీ గుర్తున్నాయి. తాళంచెవి గుర్తుంది. ట్యాపు గుర్తు లేదు. ఎంత వెతికినా ఆ చోట ఏమీ లేదు. బండి ఆగాక మాత్రం చెయ్యి కిందకు పెట్టి ట్యాపును గిర్రున తిప్పాడు, అది గుర్తుంది. ఏ వైపు నుంచి ఏ వైపుకు తిప్పాడో, కట్టి ఉన్నదాన్ని విప్పాడో, విప్పి ఉన్నదాన్ని కట్టి మళ్లీ విప్పాడో, దేవుడికెరుక.

బండి ఇంటికొచ్చిన రోజు ఎంత సందడి చేసిందని ఆవిడ. అంతకుముందున్న పాత మోపెడ్డును నువ్వు తొక్కుతున్నావా, అది నిన్ను తొక్కుతోందా అని వెక్కిరించేది. ఎత్తు వస్తే దిగి నెట్టాల్సిందే. ఆవిడకు ఆయాసం వచ్చినప్పుడల్లా ఆటో కోసం సందు చివరి దాకా పరుగెత్తాలి, ఆటోవాడు బేరం మొదలుపెడతాడు, ఆవిడ అరుగు మీద కూలబడి ఉంటుంది. ఇంక ఆ బాధ లేదు, ఎప్పుడొస్తే అప్పుడు నా వెనక ఎక్కి కూర్చో, కళ్లు మూసి తెరిచేలోగా ఆసుపత్రి అని ఎంత ధీమాగా చెప్పాడు. అయితే ఆయాసం రోజూ తెప్పించుకుంటానులే, ఈ వంకనైనా నువ్వు నన్ను బయటికి తిప్పుతావు, అంది. సరసం ఆవిడది. కొత్త బండి ఎర్ర రంగు మీద ఆవిడ చీర చెంగుతో రుద్దిన చోటల్లా ఆవిడ మొహం కనిపించేది. వారం తిరక్కుండా మిషను ముందు కూర్చుంది. బడి సంచులు కుట్టగా మిగిలిన గట్టి గుడ్డ ఉంటే కొలతలు తీసుకుని ట్యాంకుకు కవరు కుట్టింది. మూత వచ్చే చోట గుండ్రంగా కత్తిరించి అంచు మడిచి కుట్టింది, ఎంత చక్కటి కుట్టో, బజారులో కొన్నదనుకున్నారు అందరూ. కూతురు పక్కనే కూర్చుని దారాలు కొరుకుతూ ఉండేది. పదో తరగతికొచ్చింది గానీ అమ్మ మిషను మోగుతుంటే తప్ప పుస్తకం తెరవదు, ఆ చప్పుడులోనే దానికి చదువెక్కుతుందట.

చప్పుడు. ఈ చప్పుడు మారలేదు కదా? లేదు, అలాగే ఉంది. అవతల ఎవరో హారన్ పరీక్షిస్తున్నారు, అదీ చెవిలో పడింది. ఎండ రేకుల కింద నుంచి జరిగి అతని కాలి బొటనవేలు దాకా వచ్చింది. కొత్త ఇంజను కదా, సర్దుకుంటుంది, నాలుగు రోజులు నడిస్తే అదే సర్దుకుంటుంది. మొదట్లో ఆగినప్పుడు అలాగే చెప్పారు. అవును, అంతకుముందూ ఆగింది. దూరం పనికి వెళ్లినప్పుడు దారిలో దగ్గి దగ్గి ఆగేది, చెట్టు కింద కాసేపు నిలబెట్టి మళ్లీ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. ఊళ్లో చిన్న చిన్న పనులకు తిరిగినప్పుడు ఆగేదే కాదు. అప్పుడే పట్టించుకుని ఉంటే... ఏం పట్టించుకుంటాడు, చూపించాడు కదా, సర్దుకుంటుందన్నారు కదా. సర్దుకుంది, బాగా సర్దుకుంది, ఇంట్లో మిషను కూడా సర్దుకుని మూల కూర్చుంది.

పోస్టాఫీసు దాటాక ఎత్తు మొదలవుతుంది. ఆ ఎత్తు సగంలో ఉండగా బండి దగ్గింది. దానికి గొంతు పట్టేసినట్టు ఒకసారి గుక్క తిప్పుకుని, మళ్లీ కాస్త లాగి, మళ్లీ దగ్గి, ఆగిపోయింది. పైన ఆసుపత్రి మేడ కనిపిస్తూనే ఉంది, కిటికీలు లెక్కపెట్టొచ్చు, అంత దగ్గర. ఆవిణ్ని దింపి రోడ్డు అంచు రాయి మీద కూర్చోబెట్టాడు. కిక్కు కొట్టాడు. కొట్టాడు, కొట్టాడు, చోక్ లాగాడు, ట్యాపు తిప్పాడు, కొట్టాడు. కాలి మడమ చర్మం లేచిపోయింది, అది తెలిసింది కూడా మర్నాడు. మధ్యలో ఓ కారాయన ఆపి ఏమైందని అడిగాడు. ఇదిగో స్టార్టవుతుందండీ, కొత్త బండి, అన్నాడు. ఎందుకన్నాడో! నోరు ఎందుకలా పేలిందో! ఆ కారాయన సరేనని వెళ్లిపోయాడు. ఆవిడ రాయి మీద నుంచి, మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటూ, "కంగారు పడకు... కొత్త బండి కదా... అదే అందుకుంటుంది" అంది. చివరి మాట బండి గురించి. పిల్ల గురించి కాదు, తన గురించి కాదు, ఆ దిక్కుమాలిన బండిని వెనకేసుకొచ్చింది. కూరగాయల వ్యానువాడు ఎక్కించుకునేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. ఇంకాస్త ముందు తెచ్చుంటే, అన్నాడు డాక్టరు. అతను మంచివాడే, ఏదో నోటికొచ్చిన మాట అన్నాడు, కానీ అది ఇప్పటికీ చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

సాయంత్రం బావమరిది వెళ్లి బండి తెచ్చాడు. లారీ డ్రైవరు, ఇంజన్ల మధ్య పుట్టి పెరిగినట్టు మాట్లాడతాడు. ఒక్క కిక్కుకు స్టార్టయిందట. గుమ్మంలో తాళం గిరాటేసి, ఇంటి నిండా జనం ఉండగా, అందరికీ వినపడేలా అడిగాడు. "ఊరందరి ట్యాపులూ విప్పేవాడివి, నీ బండి ట్యాపు విప్పడం మర్చిపోయావా బావా?" బండికి ఏ లోపమూ లేదని, ట్యాపు కట్టి ఉండగానే తీసుంటాడని, ఆగాక తిప్పి ఎడాపెడా చోక్ లాగితే పెట్రోలు ముంచెత్తి స్టార్టు కాలేదని, లారీలవాడు విడమరిచి చెప్పాడు. తిప్పాను, అన్నాడు ప్లంబరు. ఆ మాట తనకే నిజంలా వినపడలేదు. అప్పుడు చూశాడు కూతుర్ని. మిషను పక్కన నిలబడి అతని చేతుల వంక చూస్తోంది, మొహం వంక కాదు, చేతుల వంక. మర్నాడే మామయ్య వెంట వెళ్లిపోయింది. వెళ్లేముందు బండి దగ్గర ఆగి, "తిప్పానన్నావుగా. మరి ఎందుకాగిందో కనుక్కో. కనుక్కున్నాకే నాకు ఫోన్ చెయ్యి" అంది. దాని గొంతు అచ్చం అమ్మ గొంతు.

అందుకే ఈ తిరుగుడంతా. పనులు మానుకున్నాడు, పిలిచిన ఇళ్లకు మొహం చాటేశాడు. పోయిన మనిషి ఎలాగూ రాదు, ఉన్న పిల్లయినా తిరిగి రావాలంటే ఈ బండి ఆగాలి, ట్యాపు విప్పి ఉండగా తన కళ్లముందు ఆగాలి. ఇంట్లో అన్నం వండుకుంటే ముగ్గురికి సరిపోయేంత వండుతున్నాడు, చేతికి ఇంకా తెలియలేదు. చేతులకు ఏం తెలుసు అసలు. ఏ చెయ్యినీ నమ్మడానికి లేదు. పోయినేడు ఓ మేడ మీద ట్యాంకు, నిండా నీళ్లున్నాయి, కింద కుళాయిలో మాత్రం చుక్క చుక్క. పైపులన్నీ విప్పించి చూశారట, కొత్తవి వేయిస్తామన్నారట. ఇతను పైకెక్కి చూస్తే, పురుగులు పడుతున్నాయని ఆ ఇంటావిడ మూత చుట్టూ ప్లాస్టిక్కు చుట్టి టేపు బిగించేసింది. మేకుతో ఒక్క పోటు పొడిచాడు. ఉస్సుమని గాలి లోపలికి పోయింది, కింద నీళ్లు దభదభా పడ్డాయి. గాలి లోపలికి పోతేనే కదమ్మా నీళ్లు బయటికొచ్చేది అంటే, ఆవిడ కళ్లింతలు చేసుకుంది. ఆ సంగతి ఇంట్లో చెప్తే భార్య పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నవ్వితే ఆయాసం వస్తుంది, ఆయాసం వస్తోంది ఆపరా బాబూ అని ఇంకా నవ్వింది...

దగ్గింది.

అతను లేవలేదు. ఊపిరి బిగబట్టాడు. బండి గొంతు పట్టేసినట్టు గుక్క తిప్పుకుంది, కాస్త లాగింది, మళ్లీ దగ్గింది. అదే దగ్గు. పోస్టాఫీసు దాటాక ఎత్తు మీద విన్నదే, పొల్లు పోకుండా అదే. ఆగిపోయింది. వంగి ముందు ట్యాపు చూశాడు. విప్పే ఉంది. కిక్కు కొట్టాడు, కాలికి తగిలింది ఆనాటి చచ్చు కిక్కే. మళ్లీ కొట్టాడు. అంతే. తను కాదు. దేవుడా, తన చెయ్యి కాదు. మెకానిక్కును పిలుద్దామని నోరు తెరిచాడు గానీ, ఎందుకో పిలవలేదు. ఆ రోజు ట్యాంకు మూత తీసి చూడనేలేదని అప్పుడు తట్టింది. పెట్రోలుందని తెలుసు, చూడ్డమెందుకనుకున్నాడు. మూతను కప్పి ఉన్న కవరు రెక్క బొత్తాము లాగి, మూతకు తాళంచెవి పెట్టి తిప్పాడు.

ఉస్సుమంది.

ఆ చప్పుడు అతనికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఎన్ని మేడల మీద విన్నాడు. మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మూత మధ్యలో పిన్నీసు పట్టేంత బెజ్జం, బండి గాలి పీల్చుకునే బెజ్జం. రెక్కను తిరగేసి చూశాడు. లోపలి వైపు నల్లటి రబ్బరు, మూత అంచు గుండ్రంగా అచ్చు పడి ఉంది, నడిమధ్య, సరిగ్గా బెజ్జం ఎదురుగా, రబ్బరు మొటిమలా పొడుచుకొచ్చి ఉంది. పెట్రోలు కిందికి దిగినకొద్దీ ట్యాంకు గాలి కోసం ఈ రబ్బరునే లోపలికి పీల్చుకుంది. పీల్చినకొద్దీ అది ఇంకా అతుక్కుంది. మూత పెట్టకుండా కిక్కు కొట్టాడు. ఒక్క దెబ్బకే గుడగుడమంది. ఆ రోజు ఒక్కసారి, ఒక్కసారి మూత తీసి చూసుంటే. షెడ్డుకు తెచ్చిన ప్రతిసారీ కవరు విప్పి చొక్కాలో దాచకపోయినా ఈపాటికెప్పుడో తెలిసేది. ప్రేమగా దాచుకున్నాడు మరి.

కవరు మొదట కుట్టినప్పుడు రెక్క లేదు. మూత చోట ఖాళీయే ఉండేది. తొలి వానకు నీళ్లు మూత సందులోంచి దిగి బండి మొరాయించింది. అప్పుడు కూతురు, పుస్తకం పక్కన పడేసి, దీనికీ ఓ మూత కావాలమ్మా అంది. తన పాత సైకిలు ట్యూబు వెతికి తెచ్చింది. పళ్లెం బోర్లించి గీత గీసి, నాలుక బయటపెట్టి, గుండ్రంగా కత్తిరించింది. ఇది లోపలి వైపు వేసి బిగుతుగా కుట్టమ్మా, చుక్క నీరు కూడా పోకూడదు నాన్న బండిలోకి, అంది. వాళ్లమ్మ మురిసిపోయింది, నా కూతురు ఇంజనీరవుతుంది చూస్తూ ఉండు అని ఆ సాయంత్రమే కుట్టేసింది. మిషను పాదం కింద రబ్బరు జారుతుంటే తల్లీ కూతుళ్లిద్దరూ చెరో కొసా పట్టుకుని లాగారు. దూరం పోతే బండి ఆగడం మొదలైంది ఆ తర్వాతే. ఎంత బాగా కుట్టారు తల్లీ. చుక్క నీరు పోలేదు. గాలీ పోలేదు.

ఇంజను ఆపేశాడు. మెకానిక్ తల బయటపెట్టి, "ఆగిందా అన్నా?" అని కేకేశాడు. లేదు, నేనే ఆపాను, అన్నాడు. ఇంక నిన్ను విసిగించనులే అని కూడా అన్నాడు. మెకానిక్ కాసేపు అతని వంకే చూసి, టీ తాగుతావా అని అడిగి, వద్దని తలూపితే లోపలికి పోయాడు. ఇంతకాలం ఒక్క మాట కోసం తిరిగాడు కదా, అది ఇప్పుడు నోటి చివరే ఉంది. బండి ఆగింది ట్యాపు వల్ల కాదమ్మా అంటే చాలు. చాలు అంటే చాలదు, మరి దేనివల్ల అని అడుగుతుంది, అడక్కుండా ఊరుకునే పిల్ల కాదు. చెప్పాలి. చెప్తే సంచి సర్దుకుని రేపే వచ్చేస్తుంది, బావమరిది నోరు మూతపడుతుంది. పిల్ల వచ్చి మిషను ముందు కూర్చుంటుంది. కూర్చుని ఏం చూస్తుంది? పళ్లెం చూసినా, కత్తెర చూసినా. పదిహేనేళ్ల పిల్ల, ఇంకా ఎంత బతుకుంది. తనకేం, తను ఇప్పటికే మోస్తున్నాడు, మోయడం అలవాటైంది. ఏదో లోపముందట అని చెప్పి తప్పించుకుంటే? ఊరుకోదు, ఏం లోపం, చూపించు అంటుంది, కవరు తిరగేస్తుంది. తలుపులన్నీ మూసుకుపోయాయి. ఒక్కటే తెరిచి ఉంది, అందులోంచి తను తప్ప ఇంకెవరూ పట్టరు.

ఫోన్ చేశాడు. వెంటనే ఎత్తింది, చేతిలోనే పట్టుకుని కూర్చున్నట్టు.

"తెలిసిందా?"

"తెలిసిందమ్మా."

అవతల ఊపిరి వినపడుతోంది. మంచి ఊపిరి, దానికి తల్లి రోగం రాలేదు, అదొక్కటి దేవుడు దయ తలిచాడు.

"ట్యాపేనమ్మా. నేనే తిప్పలేదు. మీ మామయ్య అన్నదే నిజం."

"తిప్పానని చెప్పావు."

"చెప్పాను. అందరి ముందూ భయమేసింది."

తిడితే బాగుండును, ఏడ్చినా బాగుండును. చివరికి "సరే" అంది. అంతే. సరే నాన్నా అని కాదు. పెట్టేసింది.

కవరును ఆ చివర నుంచి ఈ చివరకు మడిచి, రబ్బరు లోపలికి వచ్చేలా ఇంకో మడత వేసి, చొక్కాలో దోపుకున్నాడు. ట్యాంకు ఎర్రగా, నున్నగా, వంగిన మొహాన్ని వంకరగా చూపిస్తోంది. ఏడుపు రాలేదు, వస్తుందనుకున్నాడు గానీ రాలేదు. మూత బిగించి, బండిని స్టాండు దించి, ఎక్కి కూర్చున్నాడు. తాళం తిప్పబోతుంటే, ఎవరూ చెప్పకుండానే, ఎడమ చెయ్యి జారి మోకాలి పక్కకు, ట్యాంకు కిందకు వెళ్లి ట్యాపును పట్టుకుంది. అది విప్పే ఉంది. అయినా వెళ్లి పట్టుకుంది. అతను ఆ చెయ్యి వంక చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు కూడా ఇలాగే వెళ్లి ఉంటుంది.